కొంగబండికి చేతిగీత

అక్క చేతులు అప్పటికే పనిలో ఉన్నాయి. బోర్లించిన రంగుడబ్బా మీద కూర్చుని, ఎడమ అరచేతిలో కుంచెను పడుకోబెట్టి, కుడి చూపుడువేలితో దాని వెంట్రుకలు దువ్వుతోంది. ఉడత తోక వెంట్రుకలు, వేలంత పొడుగు. వరస తప్పిన వెంట్రుక కనిపిస్తే గోళ్ళతో పట్టి లాగి, వెలుతురులో పెట్టి చూసి, "నువ్వెవరి తాలూకు?" అని అడిగి ఊదేస్తోంది.

ఎదురుగా బండి నిలబడి ఉంది. నెమలికంఠం రంగు, పద్దెనిమిది అడుగుల పొడుగు. రెండున్నరేళ్ళుగా మా షెడ్డులో దాన్ని విప్పి, కడిగి, సొట్టలు తీసి, సానపట్టి, మళ్ళీ బిగించాం. ఇంజను మేస్త్రిది, చెక్కపని నాది. ఇక మిగిలింది గీత ఒక్కటే. ముందు దీపం వెనక మొదలై, రెండు తలుపులు దాటి, తోక దగ్గర ముగిసే గీత. అగ్గిపుల్ల మందం, మీగడ రంగు. కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి.

అక్క దుకాణాలకు బోర్డులు రాస్తుంది. నాకు సొంత అక్క కాదు కానీ షెడ్డులో మేస్త్రికి తప్ప అందరికీ అక్కే. మేస్త్రికి వదిన. ఆమె భర్త, అంటే మేస్త్రి అన్నయ్య, మాకు బావ. ముప్పయ్యేళ్ళుగా అక్క ఎక్కిన నిచ్చెన పట్టుకోవడమే ఆయన పని. అందుకని నిచ్చెన బావ అంటాం. బండికి గీత గీయడానికి నిచ్చెనతో పనేముంది? అయినా ఆ రోజు భుజాన వేసుకుని వచ్చాడు. ఎందుకు బావా అంటే, "అది లేకపోతే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదురా" అన్నాడు.

బండి కథ కూడా చెప్పాలి, లేకపోతే గీత కోసం ఇంత హడావుడి ఏమిటో తెలియదు.

అది మాకు దొరికింది ఒక కోళ్ళ పాకలో. బండిని పాకలో పెట్టలేదు, బండే పాక. ముందు సీట్లో పెట్టలు, వెనక సీట్లో పొదిగే గూళ్ళు, స్టీరింగ్ మీద పుంజు. బానెట్ కొసన మాత్రం ఒంటికాలి మీద ఒక ఇత్తడి కొంగ నిలబడి ఉంది, ఈ కోళ్ళ గుంపుతో నాకు ఏ చుట్టరికమూ లేదన్నట్టు. ఆ బండిని కొన్నది బిస్కెట్ల పెద్దాయన. బిస్కెట్ల ఫ్యాక్టరీ ఆయనది. డెబ్బై దాటిన మనిషి, ఆ బండి దగ్గరికి వస్తే ఏడేళ్ళవాడు. చక్రాలు బిగించకముందే లోపల కూర్చుని నోటితో ఇంజను చప్పుడు చేసేవాడు. మేస్త్రి పక్కకి వచ్చి, "గేరు మార్చండయ్యా, ఎత్తు వచ్చింది" అంటే నిజంగా మార్చేవాడు.

కోళ్ళన్నీ పోయినా ఒక్కటి పోలేదు. ముక్కుపొడి రంగు పెట్ట. బండితోపాటు లారీలో వచ్చి, షెడ్డులో దిగి, సీట్లు ఊడదీస్తే చక్రాల మధ్య, చక్రాలు ఊడదీస్తే నా రంపపు పొట్టులో కాపరం పెట్టింది. దాని పేరే ముక్కుపొడి అయింది.

వెనక సీటు కింద రేకుపెట్టెలో బండి పుట్టుక పుస్తకం దొరికింది. బిస్కెట్ల పెద్దాయన సాయంత్రాలు దాన్ని మాకు పైకి చదివి వినిపించేవాడు. కంపెనీ పెట్టినవాడు మొదట గుర్రపుబళ్ళకు చక్రాలు చేసేవాడట. అతని పనిచోటు వెనక ఒక కాలువ, ఆ కాలువలో ఒక కొంగ. గంటలకొద్దీ కదలకుండా నిలబడి, ఒక్కసారి ముక్కు దించి చేపతో లేచేదట. పనివాళ్ళకు అతను చెప్పిన పాఠం అదొక్కటే. అందుకే బండి మీద తన పేరు వేసుకోలేదు, కొంగను నిలబెట్టాడు.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. బండి తయారయ్యాక పనివాళ్ళందరినీ వెనక సీట్లో కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, ఆవరణలోనే రాళ్ళబాట మీద తిప్పేవారు. చప్పుడు వినబడితే అది ఎవరి పనిదో వాళ్ళే నోరు తెరిచి ఒప్పుకోవాలి. మేమూ షెడ్డు ఆవరణలో అలాగే తిరిగాం. గరగర వినబడగానే మేస్త్రి గొంతు సవరించుకుని "నాదే" అన్నాడు. కిర్రుమంటే నేను చెయ్యెత్తాను. ఆపైన ఒక గురగుర వినబడింది. నాది కాదంటే నాది కాదని ప్రమాణాల దాకా వెళ్ళాం. దిగి చూస్తే సీటు కింద ముక్కుపొడి, దాని కింద గుడ్డు. బిస్కెట్ల పెద్దాయన ఆ గుడ్డును రెండు చేతులతో పట్టుకుని, ఇంత పాత కంపెనీలో ఇంత తాజా సరుకు ఎప్పుడూ రాలేదన్నాడు.

పుస్తకం చివరి పేజీలో గీత సంగతి ఉంది. గీత పడనిదే బండి గేటు దాటదు. దారం, పట్టీ, అచ్చు ఏవీ వాడకూడదు. ఒకే నడక. తలుపు సందు వచ్చినచోట కుంచె ఎత్తి రంగు ముంచుకోవచ్చు కానీ కాలు ఆగకూడదు. పక్కన ఒక ఫొటో. లావుపాటి మనిషి, నోట్లో చుట్ట, చేతిలో కుంచె, ముఖంలో ఏ తొందరా లేదు. ఫ్యాక్టరీ మూతపడి యాభై ఏళ్ళు. ఇప్పుడు మిగిలింది ఒక గది, కొన్ని రిజిస్టర్లు, ఒకరిద్దరు పాత పనివాళ్ళు. బాగుచేసిన బళ్ళను వచ్చి చూసి, కంపెనీ పద్ధతిలో ఉంటే రిజిస్టరులో ఎక్కిస్తారు. లేకపోతే టీ తాగి వెళ్ళిపోతారు.

పాలిష్ పెట్టినవాళ్ళు బిస్కెట్ల పెద్దాయన చెవిలో ఒక మాట ఊదారు. ఈ రోజుల్లో చేత్తో ఎవరు గీస్తారండీ, స్టిక్కరు వస్తుంది, చుట్ట విప్పి అంటిస్తే పావుగంట పని. ఒక చుట్ట తెచ్చి బల్ల మీద కూడా పెట్టారు. పెద్దాయన మనసు అటూ ఇటూ ఊగింది. అప్పుడే మేస్త్రి, "మా వదిన ఉంది" అన్నాడు.

వదిన ఉంది కానీ పని లేదు. బోర్డుల అచ్చుయంత్రాలు వచ్చి ఎనిమిదేళ్ళయింది. అంతకుముందు మా వీధిలో దర్జీ కత్తెర నుంచి పళ్ళడాక్టరు పన్ను దాకా అన్నీ అక్క చేతివే. ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో బావే బోర్డులు రాసేవాడు, ఆమె నిచ్చెన పట్టుకునేది. ఒకరోజు బావకు నడుము పట్టేసింది. చెప్పుల దుకాణం బోర్డు సగంలో ఆగింది. ఆమె ఎక్కి మిగతా సగం రాసింది. మర్నాడు దుకాణదారు వచ్చి, రెండో సగం బాగుంది, మొదటి సగం కూడా అలాగే రాయించండి అన్నాడు. బావ మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. నడుము మూడో రోజే తగ్గిందని తర్వాత తెలిసింది. అడిగితే, "ఎక్కేవాళ్ళు బోలెడుమంది, కదలకుండా పట్టుకునేవాడే కరువు" అనేవాడు.

అచ్చుయంత్రాలు వచ్చాక ఆమెకు మిగిలినవి 'ఇచ్చట బండ్లు నిలపరాదు' అనే గోడలు. అవీ తగ్గాయి. నెలల తరబడి కుంచెలు నూనెలో నానుతూ ఉండేవి. కుట్టుమిషను కొనుక్కోమని బంధువులు సలహాలు ఇచ్చారు. అలాంటప్పుడు ఈ గీత వచ్చింది. బిస్కెట్ల పెద్దాయన మాట స్పష్టంగానే చెప్పాడు. కంపెనీ మనిషి ఒప్పుకుంటే ఈ బండే కాదు, తన మిగతా నాలుగు పాత బళ్ళ గీతలు, ఫ్యాక్టరీ బోర్డులు అన్నీ అక్క చేతికే. ఒప్పుకోకపోతే స్టిక్కరు. బల్ల మీద ఆ స్టిక్కరు చుట్ట పొద్దస్తమానం మమ్మల్ని చూస్తూ కూర్చునేది.

అక్క పద్దెనిమిది రోజులు సాధన చేసింది. ముందు ఒక పాత బస్సు రేకు మీద. తర్వాత చెయ్యి ఆగక, కనిపించినదాని మీదల్లా. బకెట్లకు గీత, గాలి కొట్టే యంత్రానికి గీత, నా పనిబల్లకు గీత, మేస్త్రి అన్నం డబ్బాకు గీత. ఇంట్లో ఫ్రిజ్జుకు రెండువైపులా గీతలు పడ్డాయి. బావ ఒక పొద్దున లేచి నిచ్చెన చూసుకుంటే మెట్టుమెట్టుకూ మీగడ రంగు గీత. ముక్కుపొడిని మాత్రం చేత్తో పట్టుకున్నప్పుడే బావ చూసి ఆపాడు.

ఇక ఆ రోజు. కంపెనీ మనిషి సాయంత్రం నాలుగింటికి వచ్చి, ఆరింటి రైలుకు వెళ్తాడని కబురు. పొద్దున తొమ్మిదికి అక్క కుంచె ముంచింది. చిటికెనవేలు బండి మీద ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కుంచె పట్టుకుని, పక్కకి నడవడం మొదలుపెట్టింది. కుంచె తలుపు సందు దగ్గర లేచింది, ఎడమచేతి గిన్నెలో ముక్కు ముంచింది, దిగింది. కాలు ఆగలేదు. కొంగ చేప పట్టినంత సేపే. కుడిపక్క అయింది. కాసేపు కూర్చుంది. ఎడమపక్క అయింది. పదకొండున్నరకల్లా కుంచె కడిగి, తల అంటుకుని అన్నం తిని వస్తానని బావను తీసుకుని ఇంటికి వెళ్ళింది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. మేస్త్రి ఊరుకునే మనిషి కాదు. ఇంజనులో వెంట్రుకలో పదో వంతు తేడా వస్తే నిద్రపోడు. గీత తడిగా మెరుస్తుంటే దాని ముందు అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి, జేబులోంచి దారం తీశాడు. రెండో కొస నన్ను పట్టుకోమన్నాడు. నేను పట్టుకున్నాను. చెక్కపని చేసేవాడికి దారం ఇస్తే పట్టుకోకుండా ఎలా ఉంటాడు?

గీతకు తగలకుండా దారం బిగించి చూశాం. వెనక తలుపు మీద గీత పైకి లేచింది. నువ్వుగింజంత. అంతే. కానీ లేచింది.

మేస్త్రి దారం చుట్టేశాడు. వదిన చెయ్యి వణికింది, ఎనిమిదేళ్ళు పని లేక చెయ్యి మొద్దుబారింది, కంపెనీ వాడు చూడగానే టీ అడుగుతాడు, స్టిక్కరు అంటుకుంటుంది అన్నాడు. ఆమెకు తెలియకుండా సరిచేసేస్తే ఆమె పరువూ దక్కుతుంది, పనీ దక్కుతుంది. ఆలోచన మంచిదే. అందుకే ఎక్కువసేపు ఆలోచించలేదు. గుడ్డ టర్పెంటైనులో ముంచి ఎడమపక్క గీతను తుడిచేశాం. దారం ప్రకారం పైనా కిందా కాగితం పట్టీలు అంటించి, మధ్యలో రంగు పూసి, పట్టీలు లాగేశాం. దారం పెట్టి చూస్తే తు.చ. తప్పకుండా తిన్నగా ఉంది. ఒకరి భుజం ఒకరం తట్టుకుని పది అడుగులు వెనక్కి వచ్చి చూశాం.

గీత బట్టలారేసిన తీగలా కిందికి వేలాడుతోంది.

మళ్ళీ దారం పెట్టాం. తిన్నగానే ఉంది. వెనక్కి వచ్చి చూశాం. వేలాడుతోంది. తుడిచి, మళ్ళీ పట్టీలు అంటించి, మళ్ళీ గీశాం. దగ్గరికి వెళ్తే తిన్నన, దూరం వస్తే వంకర. మేస్త్రి షెడ్డు నేల ఒరిగిందేమోనని నీళ్ళమట్టం తెచ్చాడు. నేల బాగానే ఉంది. వేడికి దారం సాగిందేమో అన్నాను నేను. కొత్త దారం తెచ్చాం. దాన్ని ముక్కుపొడి పురుగనుకుని మింగబోయింది, దాని నోట్లోంచి లాక్కోవడానికి పది నిమిషాలు పట్టింది. అటు చూస్తే కుడిపక్క అక్క గీత బాణంలా ఉంది. ఇటు చూస్తే మా ఇద్దరి తెలివి.

రెండింటికి అక్క తడిజుట్టు ముడి వేసుకుని వచ్చింది. గేటులోనే ఆగి, ఎడమపక్కను చూసింది. మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం.

"దారం రెండో కొస ఎవరు పట్టుకున్నారు?" అంది.

నేను చెయ్యెత్తాను, వెనక సీట్లో కిర్రుమన్న రోజు ఎత్తినట్టే.

ఆమె అరుస్తుందనుకున్నాం. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, గోడ పట్టుకుని, రంగుడబ్బా మీద కూర్చుని, పైట కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ గీత చూసి మళ్ళీ నవ్వింది. బావకు సంగతి అర్థం కాకపోయినా ఆమె నవ్వుతోందని ఆయనా నవ్వాడు.

అప్పుడు చెప్పింది. పొడుగాటి బోర్డు కింద తిన్నగా గీత గీస్తే మధ్యలో దిగినట్టు కనిపిస్తుందట. అందుకని బోర్డు రాసేవాళ్ళు మధ్యలో ఒక పిసరు ఎత్తుతారు. ఈ బండికి పైకప్పు వెనక తలుపు దగ్గర కిందికి వాలుతుంది. ఆ వాలు గీతను కూడా కిందికి లాగినట్టు చూపిస్తుంది. అందుకే అక్కడ ఎత్తింది. పద్దెనిమిది రోజులు ఆమె సాధన చేసింది చెయ్యి కుదరడానికి కాదు, ఎంత ఎత్తాలో తేల్చుకోవడానికి.

"మరి ముందే చెప్పొచ్చు కదా వదినా?" అన్నాడు మేస్త్రి నీరసంగా.

"నన్నడిగావా మరిదీ? దారాన్నడిగావు. దానికి తెలిసింది అది చెప్పింది."

లేచి, మా గీతను తనే తుడిచింది. బండి పక్క ఆరేదాకా కుంచె దువ్వుకుంది. మూడున్నర అయింది. ముందు దీపం వెనక కుంచె ఆనించి నడక మొదలుపెట్టిందో లేదో, గేటు దగ్గర హారను మోగింది. బిస్కెట్ల పెద్దాయన అరగంట ముందే వచ్చేశాడు, పక్కన కంపెనీ మనిషి. పెద్దాయన రెండు చేతులూ చాచుకుని బండివైపు పరుగు. వెనకనుంచి ముక్కుపొడి, పెద్దాయన వస్తే బిస్కెట్టు పొడి దొరుకుతుందని ఆయన కాళ్ళకు అడ్డంపడి, అక్కడినుంచి సూటిగా అక్క దారిలోకి.

కాలు ఆపకూడదు. ఆగితే గీత పోయినట్టే.

అప్పుడు బావ కదిలాడు. ముప్పయ్యేళ్ళు కదలకుండా నిలబడ్డ మనిషి ఒక్క ఉదుటున నిచ్చెనను అడ్డంగా పట్టుకుని, అక్కకు ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, నిచ్చెనతో పెద్దాయనను, కంపెనీ మనిషిని, మేస్త్రిని, నన్ను అందరినీ గోడవైపు నెట్టుకుంటూ పోయాడు. ముక్కుపొడి మెట్ల మధ్య ఇరుక్కుని నిచ్చెనతోపాటే ఊరేగింది. ఎవరూ నోరెత్తలేదు. కోడి కూడా. అక్క మాత్రం ఈ లోకంలో లేదు. తలుపు సందు, ముక్కు ముంచడం, దిగడం. వెనక తలుపు మీద ఆమె మణికట్టు ఒక్క పిసరు లేవడం నేను కళ్ళారా చూశాను. తోక దగ్గర కుంచె ఎత్తి, ఊపిరి వదిలి, అప్పుడు చుట్టూ చూసి, "ఇంతమంది ఎప్పుడు వచ్చారు?" అంది.

కంపెనీ మనిషి సన్నగా, పొడుగ్గా, బానెట్ మీద కొంగకు పెద్దన్నలా ఉన్నాడు. కుడిపక్కకు వెళ్ళి దూరంనుంచి చూశాడు. ఎడమపక్కకు వచ్చి చూశాడు. తోక దగ్గర గొంతుక్కూర్చుని ఒక కన్ను మూశాడు. ఆపైన చెయ్యి జేబులో పెట్టి దారం తీశాడు.

మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు మర్నాటికీ నొప్పి పెట్టింది.

కంపెనీ మనిషి రెండో కొస పట్టుకోమని చూస్తే ఎవరూ ముందుకు రాలేదు. అక్కే వచ్చి పట్టుకుంది. దారం బిగిసింది. వెనక తలుపు దగ్గర ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"ఇక్కడ ఎత్తారే," అన్నాడు.

"ఎత్తానండి."

"ఎవరు చెప్పారు?"

"తలుపే చెప్పింది. ఎత్తకపోతే వేలాడుతుంది. కావాలంటే మా మరిదిని అడగండి, రెండుసార్లు వేలాడదీశాడు."

కంపెనీ మనిషి దారం చుట్టుకున్నాడు. ఫొటోలోని చుట్టాయన దగ్గర తను పదేళ్ళు రంగుగిన్నె మోశానని, ఎంత ఎత్తాలో ఆయన ఎవరికీ చెప్పకుండానే పోయాడని, ఇన్నేళ్ళుగా తను చూసిన బాగుచేసిన బళ్ళన్నిటికీ గీతలు దారంలా తిన్నగా ఉన్నాయని, అన్నీ వేలాడుతున్నాయని చెప్పాడు. రిజిస్టరు తీసి, బానెట్ మీద కాదు, గౌరవంగా నా పనిబల్ల మీద పెట్టి రాశాడు. గీత ఎవరిదని రాయమంటారని అడిగితే, బోర్డులు రాసేదాన్నని రాయండి చాలు అంది అక్క. అలాగే రాశాడు. ఆపైన టీ అడిగాడు. మేస్త్రి గుండె ఒక్క క్షణం ఆగిందని తర్వాత చెప్పాడు.

బిస్కెట్ల పెద్దాయన స్టిక్కరు చుట్టను బల్ల మీదనుంచి తీసి బావకు బహుమతిగా ఇచ్చాడు. నిచ్చెన కాలు పగిలితే దానికి ఆ స్టిక్కరు చుట్టాడు బావ.

గీత ఆరడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున పెద్దాయన కొత్త బూట్లు వేసుకుని వచ్చాడు. మేస్త్రి తాళం ఇచ్చాడు, నేను పుట్టుక పుస్తకం ఇచ్చాను. అక్క మెత్తటి గుడ్డతో గీత వెంట మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి తుడిచి, తోక దగ్గర తన చిటికెనవేలి ముద్ర ఒకటి మిగిలితే దాన్నీ తుడిచి, ఆ గుడ్డ మడిచి పెద్దాయన చేతిలో పెట్టింది.

"ఇక మీ బండి. వారానికోసారి దీంతోనే తుడవండి. దారం మాత్రం పెట్టకండి."

పెద్దాయన ఇంజను వేశాడు. ఈసారి నోటితో కాదు. బండి గేటు దాటుతుంటే వెనక సీట్లోంచి గురగుర వినబడింది. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాది కాదంటే నాది కాదన్నాం. పెద్దాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "నాదే" అని ఒప్పుకుని, బండి ఆపకుండా వెళ్ళిపోయాడు.